ఎంగిలి గిన్నెలు

మధ్యాహ్నం మూడు దాటాక హైదరాబాదు నుంచి తిరిగొచ్చే నల్గొండ బస్సు నార్కట్‌పల్లి చౌరస్తాలో ఆగుతుంది. డ్రైవరు షరీఫ్ తన పక్కనున్న ఇంజను డబ్బా మీది నుంచి మూడు గిన్నెల టిఫిన్ తీసి కిటికీలోంచి కిందికి అందిస్తాడు. సోమమ్మ రెండు చేతులా అందుకుంటుంది. నాలుగడుగుల దూరంలోని ఇంటిదాకా పోయే ఓపిక కూడా ఆమెకుండదు. రోడ్డు పక్కనే మొగుడి సైకిళ్ల దుకాణం, దాని ముందున్న బండ మీద కూర్చుని అక్కడికక్కడే గిన్నెలు విప్పుతుంది.

గిన్నెలు కడగకుండా పంపాలి. అది కొడుక్కి ఆమె పెట్టిన షరతు. కడిగిన గిన్నె ఏం చెబుతుంది? ఎంగిలి గిన్నె అయితే అన్నీ చెబుతుంది. అన్నం పిడికెడు మిగిలితే వాడు సరిగ్గా తిన్నట్టు. రెండు పిడికెళ్లు మిగిలితే నలతగా ఉన్నట్టు. కరివేపాకు రెబ్బలు ఏరి గిన్నె అంచుకు వరసగా అంటిస్తాడు, చిన్నప్పటి అలవాటు. పప్పు గిన్నెలో వేలితో తుడిచిన చార ఉంటే ఆ రోజు పప్పు కుదిరినట్టు. ఐదో తరగతి చదివిన సోమమ్మకు కొడుకు రాసే కార్డులకన్నా ఈ గిన్నెలే బాగా అర్థమయ్యేవి. కార్డు మీద "నేను క్షేమం" అని ఎవరైనా రాస్తారు.

ఆ రోజు గిన్నెలో బొక్క ఉంది, మాంసపు ఎముక. ఆ పొద్దున్నే సర్దార్ దుకాణంలో పావుకిలో మాంసం తెచ్చి వండింది. అందులో ఒక మూలుగ బొక్క పడింది. లింగస్వామి మూలుగ ముట్టడు. చూస్తే చీమిడి గుర్తొస్తుందని పసితనం నుంచీ పక్కన పడేస్తాడు. పులుసుకు రుచి వస్తుందని ఆమె బొక్కను కూరలోనే ఉంచేస్తుంది, అది అట్లాగే తిరిగొస్తుంది. ఇవాళ ఆ బొక్క రెండు కొసలూ కొట్టి ఉంది. లోపల మూలుగన్నది లేదు. పిల్లనగ్రోవిలా పట్టుకుని ఊదుకోవచ్చు, అంత శుభ్రంగా ఉంది.

సోమమ్మ ఆ బొక్కను పట్టుకుని లేచింది.

"ఇగో, గీ బొక్క చూడు" అంది మొగుడితో.

పెద్దులు సైకిలు ట్యూబును నీళ్లలో ముంచి గాలి ఎక్కడ పోతుందో చూస్తున్నాడు. తల ఎత్తలేదు. "బొక్కేంది?"

"కొట్టి మూలుగ తిన్నరు."

"మంచిదే గదనే. పైసలు వెట్టి తెచ్చినం."

"మన లింగడు మూలుగ తింటడా?"

"ఆకలైతే తింటడు."

"వాడు తినడు. వేరెవలో తిన్నరు. మరి వాడేమైండు? దవాఖానల ఉన్నడో ఏమో. నాకు తెల్వొద్దని ఎవలో సద్ది తిని గిన్నెలు పంపుతున్నరో ఏమో. ఏ లారీ కింద వడ్డడో…"

"ఆగుతవా జర!" పెద్దులు ట్యూబును కింద పడేశాడు. "మొన్ననే గద కార్డొచ్చింది."

"కార్డు ఎవలైనా రాస్తరు."

"నీతోని నేను పడలేను. యాడాది సంది గీ బస్సుకు కట్టేసిన బర్రె లెక్కైనవు. నీ చెల్లె బిడ్డ లగ్గానికి మిర్యాలగూడకు పోయి రెండు అచ్చింతలు వెయ్యలేకపోతివి, సద్ది ఆగుతదని. వాన్ని గూడ గట్లనే కట్టేస్తివి."

అన్నాడేగాని ఆమె భయం ఎక్కడి నుంచి వచ్చిందో ఆయనకూ తెలుసు. రెండేళ్ల కింద లింగస్వామి మొదటిసారి హైదరాబాదు పోయినప్పుడు గదిలో ఉండి హోటళ్లలో తిన్నాడు. నాలుగు నెలలు తిరక్కముందే కామెర్లతో ఇంటికొచ్చాడు. కళ్లు పసుపులో ముంచిన గుడ్డల్లా ఉండేవి. ఏది పెట్టినా కక్కేవాడు. నల్గొండ దవాఖానలో డాక్టరు "బయటి తిండి, బయటి నీళ్లు" అన్నాడు. ఆ నాలుగు మాటలు సోమమ్మ నెత్తిలో మేకుల్లా దిగబడిపోయాయి. పసరు తాగించింది, ఉప్పూ నూనే లేని గంజి పోసింది, వాడు నిద్రపోతుంటే ముక్కు దగ్గర వేలు పెట్టి చూసుకుంది. బతికాడు.

మళ్లీ ఏడాదికి, లగ్గపత్రికలు అచ్చేసే ప్రెస్సులో పని దొరికింది పోతానన్నాడు. ఆమె పొయ్యి ముందు కూర్చుని ఒక్కటే మాట చెప్పింది. "పో. పొద్దుగాల బస్సుల నా సద్ది వస్తది. అదే తినాలె, ఎంగిలి గిన్నెలు నాకు రావాలె. ఒక్కనాడు గిన్నె రాకున్నా, తిన్నట్టు లేకున్నా, తెల్లారే వచ్చి తోలుకొస్త. ఈడనే మీ నాయినతోని సైకిళ్లకు పంచర్లు వేసుకుంట బతుకు." వాడు తల ఊపాడు. ఆ తల ఊపుడు మీదే వాడి ఉద్యోగం నిలబడి ఉంది.

ప్రెస్సుకు ఫోను లేదు. సోమమ్మ ఆ పూట ముద్ద మింగలేదు. తెల్లవారి ఎప్పటిలాగే వండింది. అన్నం, కోడిగుడ్డు పులుసు, చిక్కుడుకాయ వేపుడు. టిఫిన్ పట్టుకుని చౌరస్తాకు వచ్చి, బస్సు ఆగగానే కిటికీ దగ్గరికి పోలేదు. తలుపు దగ్గరికి పోయి ఎక్కింది.

షరీఫ్ వెనక్కి తిరిగి చూసి నోరు తెరిచాడు. "ఏందక్కా, నువ్వెక్కుతున్నవేంది?"

"నా కొడుకును చూసొస్త."

"గీ ఎండల ఎందుకక్కా! నేను చేరుస్త గద రోజు. గాడ వెట్టు, డబ్బా మీద."

"ఇయ్యాల నా ఒళ్లెనే ఉండనీ." ఆమె అతని వెనక సీట్లో కూర్చుంది. "షరీఫ్ బాయీ, మా వాడు రోజు వస్తుండా సద్దికి?"

"వస్తుండక్కా, వస్తుండు" అన్నాడు షరీఫ్. గేరు మార్చబోతే బస్సు గరగరమంది.

చిట్యాల దాటింది, చౌటుప్పల్ దాటింది. వేడి గిన్నెలు చీర మీది నుంచి తొడలకు చురుక్కుమంటున్నా సోమమ్మ కదపలేదు. అద్దంలో షరీఫ్ కళ్లు మాటిమాటికీ ఆమెను చూసి పక్కకు తిరుగుతున్నాయి. దాంతో ఆమెకు నిశ్చయమైపోయింది. ఏదో అయింది. వీళ్లందరికీ తెలుసు. తనకొక్కదానికే చెప్పలేదు. హయత్‌నగర్ వచ్చేసరికి కొడుక్కి దినవారాలు కూడా మనసులో అయిపోయాయి. పన్నెండో రోజు ఎవరెవరికి కబురు పంపాలో కూడా అనుకుంది. అనుకుని చెంపలు వేసుకుంది.

గౌలిగూడ బస్టాండులో, ఆ పెద్ద రేకుల గుమ్మటం కింద బస్సు ఆగింది. జనం దిగుతుండగానే సన్నటి ముసలామె ఒకామె డ్రైవరు కిటికీ దగ్గరికి వచ్చింది. నోరంతా పాన్ ఎరుపు, చంకలో వక్కలూ సున్నపు డబ్బీలూ ఉన్న బుట్ట.

"షరీఫ్ బాయ్, లావ్, ఇటియ్యి. ఇయ్యాల ఏం పంపింది అమ్మ?"

షరీఫ్ కళ్లతో సైగ చేశాడు. ఆమెకు అర్థం కాలేదు. "క్యా? కండ్లల్ల దుమ్ము వడ్డదా?" అంది. అప్పుడు ఆమె చూపు సోమమ్మ ఒళ్లో టిఫిన్ మీద పడింది. టిఫిన్ని గుర్తుపట్టింది. తర్వాత సోమమ్మ ముఖం చూసింది.

"యా అల్లా" అంది.

సోమమ్మ దిగి ఎదురుగా నిలబడింది. "నా కొడుకేడి?"

"ప్రెస్సుల ఉన్నడమ్మా. ఏం కాలే. మంచిగున్నడు, గుర్రం లెక్క ఉన్నడు."

"మరి సద్దికి నువ్వొచ్చినవేంది?"

"నేనే వస్తున్న. మూడు నెలలాయె. నా పేరు అజ్మత్ బీ. గీ ప్లాట్‌ఫారం కాడనే కూసుంట." ఆమె దాచలేదు. దాచి లాభం లేదని తెలిసిన మనిషిలా ఉంది. "నీ సద్ది నేనే తింటున్న."

సోమమ్మ అక్కడే నేల మీద చతికిలపడింది. కొడుకు బతికున్నాడన్న సంతోషం ఒక పక్క, మూడు నెలలు మోసపోయానన్న మంట ఒక పక్క. రెండూ ఒక్కసారే వచ్చేసరికి ఏడుపు కూడా రాలేదు.

"గిన్నెల కరివేపాకు అంచుకు పెట్టింది…"

"నేనే. పిడికెడు అన్నం మిగల్చాలె, కరివేపాకు అంచుకు అంటియ్యాలె, పప్పు బాగుంటే వేలితోని ఒక్కసారి తుడ్వాలె, బొక్క ముట్టొద్దు. అన్నీ కూసోబెట్టి నేర్పిచ్చిండమ్మా నీ కొడుకు, ఇస్కూల్ల లెక్క. రోజు ఆకలి మీద ఉండి పిడికెడు మిగల్చుడంటే నీకేం తెలుసు!" అజ్మత్ బీ పక్కన కూర్చుని ఆమె మోకాలి మీద చెయ్యి వేసింది. "నిన్న ఆ నల్లి, గదే మూలుగ బొక్క, ఒక్కటి తప్పైంది. సర్దార్ దుకాణం హలాల్ మాంసమేనని షరీఫ్ చెప్పిండు. చేతుల పట్టుకున్నంక పారెయ్య బుద్ధి కాలే. రాయి తీసుకొని టక్కున కొట్టిన."

షరీఫ్ తల గోక్కుంటూ నిలబడ్డాడు. "చెప్తే నువ్వు పిల్లగాన్ని తోలుకపోతవని, అక్కా…"

"అయితే ముగ్గురు గల్సి నన్ను పిచ్చిదాన్ని చేసిండ్రు."

"ఉప్పు జర ఎక్కువ ఏస్తవ్" అంది అజ్మత్ బీ, ఆమెను మరిపించడానికో, నిజంగా చెప్పాలనో. "గని నీ చింతచిగురు పప్పుకు మొక్కాలె. లే, ప్రెస్సు చూపిస్త."

ప్రెస్సు ఒక గల్లీలో ఉంది. గది పొడుగునా కాగితాల కట్టలు, మధ్యలో దడదడమనే మెషీను, సిరా వాసన. యజమాని లియాఖత్ అలీ తెల్లగడ్డపు మనిషి. సోమమ్మ ఎవరో తెలియగానే కుర్చీలోంచి లేచి ఆ కుర్చీ ఆమెకే ఇచ్చాడు.

"మీ పిల్లగాడు మంచి పనోడమ్మా. మొదలు మొదలు జర తిప్పలైంది. పొద్దుగాల పదింటికి సద్ది తెచ్చుకునేటందుకు పోతడు, మల్ల పన్నెండున్నరకు గిన్నెలిచ్చేటందుకు పోతడు. రెండుసార్లు మెషీన్ బంద్. లగ్గాల దినాలు! పత్రిక రాకముందే లగ్గమైపోతే నన్ను తంతరు. గిట్లైతే నేను వేరే మనిషిని చూసుకుంట అని చెప్పిన. గా దినం సంది పోతలేడు. వచ్చే నెల సంది జీతం పెంచుతున్న."

మెషీను ఆగింది. లింగస్వామి వెనక నుంచి వచ్చాడు. మోచేతుల దాకా సిరా. ముందు టిఫిన్ను చూశాడు, ఆ తర్వాతే తల్లిని చూశాడు. ముఖంలో నెత్తురు లేదు. ఆ పాలిపోవడం కూడా సోమమ్మకు జబ్బులాగే కనిపించింది.

"ఇటు రా. కన్ను తెరువు."

"అమ్మా…"

"తెరువంటున్న." ఆమె బొటనవేలితో కింది రెప్ప లాగి చూసింది. రెండో కన్నూ చూసింది. "నాలుక." అక్షరాలు పేరుస్తున్న ఇద్దరు పనివాళ్లు చూస్తున్నారు. ఇరవై ఒకటో ఏట ఉన్న లింగస్వామి వాళ్లందరి ముందూ నాలుక బయటపెట్టాడు. కళ్లు తెల్లగానే ఉన్నాయి, నాలుక ఎర్రగానే ఉంది. సోమమ్మకు మాత్రం నమ్మకం కుదరలేదు.

"చెయ్యి కడుక్కో. నా ముందట తిను. ఇయ్యాల కండ్లార చూస్త."

"ఇప్పుడే…" అని వాడు ఏదో అనబోయి ఆగాడు. చేతులు కడుక్కుని వచ్చి కాగితాల కట్టల వెనక కూర్చున్నాడు. ఆమె ఎదురుగా కూర్చుని వడ్డించింది.

వాడు తిన్నాడు. నమిలినట్టు లేదు. ముద్ద తర్వాత ముద్ద నోట్లో పెట్టుకుని నీళ్లతో మింగుతున్నాడు. ప్రతి ముద్దకూ ఆమె ముఖం చూస్తున్నాడు. గుడ్లు రెండూ అయ్యాయి. "ఇంకింత వేసుకో" అంటే వేసుకున్నాడు. అన్నం గిన్నె వంచి చూపించి "చాలా?" అన్నాడు. "గా వేపుడు ఎవలకు మిగిల్చినవ్?" అంటే అదీ తిన్నాడు. నుదుటి మీద చెమట పట్టింది. మంచిగా తింటున్నాడని ఆమె కొంగుతో ఆ చెమట తుడిచింది. ఆడుకోనిస్తారని పలక మీద లెక్కలు చేసే పిల్లవాడిలా అన్ని గిన్నెలూ ఖాళీ చేసి, ఆమె ముందు వరసగా పెట్టాడు.

అప్పుడు లేచి గల్లీలోకి ఉరికాడు. మోరీ మీద వంగి మొత్తం కక్కేశాడు.

సోమమ్మ వేసిన కేకకు పక్క దుకాణంవాళ్లు కూడా బయటికొచ్చారు. "అయ్యో, మల్ల వచ్చిందయ్యో! గప్పుడు గూడ గిట్లనే మొదలైంది! నడువు బిడ్డా, నడువు, ఒంటిగంట బస్సుకే పోదాం, పసరు తాగిపిస్త, నీ బట్టలు మీ నాయినొచ్చి తెస్తడు…" వాడి మణికట్టు పట్టుకుని లాగుతోంది. లియాఖత్ అలీ చెంబుతో నీళ్లు తెచ్చాడు. వాడు పుక్కిలించి ఉమ్మి, చెయ్యి విడిపించుకోలేదు గాని కదల్లేదు.

"నాకేం కాలేదమ్మా. నువ్వొచ్చేముందే నాష్తా తిన్న. ఖీమా, రెండు రొట్టెలు. కడుపు నిండింది. దాని మీద నీ సద్దంత తిన్న."

"తిన్ననని చెప్పొద్దారా!"

"చెప్తే ఏం చేస్తవ్? తోలుకపోతవ్."

"గా హోటల్ది పడకనే…"

"మూడు నెలల సంది హోటల్దే తింటున్న. ఒక్కనాడు కక్కలే." వాడు గొంతు పెంచలేదు. ముఖం తుడుచుకుంటూ మోరీ వైపు చూస్తూ అన్నాడు. "ఇయ్యాల నువ్వు తినిపిస్తే కక్కిన."

సోమమ్మ చెయ్యి వదిలేసింది.

గల్లీలో జనం ఎవరి పనుల్లోకి వాళ్లు పోయారు. వాడే అడిగాడు. "నువ్వేమన్న తిన్నవా పొద్దుగాల్నుంచి?" వాడు లోపలికి పోయి అరగంట సెలవు అడిగి వచ్చాడు. "దా."

హోటలు గల్లీ మలుపులోనే ఉంది. మగవాళ్లు గుంపులుగా కూర్చుని చాయ్ సాసర్లలో పోసుకుని తాగుతున్నారు. పక్కనే ఆడవాళ్లొస్తే కూర్చోవడానికి చెక్కలతో చిన్న చిన్న గదులు, ఒక్కోదానికి ఒక ఆకుపచ్చ పరదా. వెయిటరు పరదా లాగేసరికి సోమమ్మకు పెట్టెలో పెట్టి మూతేసినట్టు అయింది. గాలి లేదు. మోకాళ్లు బల్లకు తగులుతున్నాయి. వెయిటరు నీళ్ల గ్లాసుల్లో వేళ్లు ముంచి తెచ్చాడు. ఆమె గ్లాసును వెలుతురుకు ఎత్తి చూసింది, వాసన చూసింది, దూరంగా జరిపింది.

ఖీమా, రొట్టె వచ్చాయి.

"గీ నూనె ఎన్ని దినాలదో. వండేటోడు చేతులు కడిగిండో లేదో. బల్లి వడ్డా తెల్వది, ఇంత మసాలల."

"నువ్వు తినకు మరి. చాయ్ తాగు."

ఆమె ఆలోచించింది. వాడు రోజూ తింటున్నది ఇదే అయితే ముందు తనే తిని చూడాలి. అయ్యేదేదో తనకే ముందు అవుతుంది. రొట్టె తుంచి, కళ్లు మూసుకుని ఖీమాలో అద్ది నోట్లో పెట్టుకుంది.

మింగింది. ఇంకొక తునక తీసుకుంది. లవంగం తెలుస్తోంది, పుదీనా తెలుస్తోంది. ఇంకేదో ఉంది, అది చిక్కడం లేదు. నిన్న మధ్యాహ్నం నుంచి ఖాళీగా ఉన్న కడుపు ఆమె మాట వినలేదు. రొట్టె అయిపోయేదాకా తల ఎత్తలేదు.

"ధనియాలు వేయించి కొట్టిండ్రు" అంది చివరికి, తప్పు ఒప్పుకున్నట్టు.

లింగస్వామి నవ్వాడు. పొద్దుటి నుంచీ అదే మొదటి నవ్వు. "గా ఇంకొకటి గసగసాలమ్మా. నేను లోపలికి పోయి అడిగిన." ఆ తర్వాత వాడి నోరు ఆగలేదు. తెల్లారగానే బండి మీద పొగలు కక్కే ఇడ్లీలు ఎక్కడ దొరుకుతాయో, ఏ హోటల్లో చాయ్ మీద మీగడ వేస్తారో, జీతం రోజున నలుగురు కలిసి ఎక్కడికి పోతారో అన్నీ చెప్పాడు. ఆదివారం గదిలో వీడే వండుతాడట. కిరసనాయిలు స్టవ్వు మీద అన్నం, పచ్చిపులుసు. "నీ లెక్కనే పిసుకుత. గని నీ రుచి వస్తలేదు. జీలకర్ర ఏస్తవా నువ్వు?"

"వేయించి నలిపి వెయ్యాలె. నువ్వులు గూడ ఇంత పొడి కొట్టి ఎయ్యి. ఉల్లిగడ్డ కొయ్యంగనే ఉప్పేసి పిసుకు, లేకుంటే పచ్చి వాసనొస్తది."

"గదీ సంగతి!" వాడు తొడ మీద చరుచుకున్నాడు. ఇంట్లో ఎన్నడూ పొయ్యి దగ్గరికి రానివాడు. ఆమె వాడిని చూసింది. బుగ్గలు నిండి ఉన్నాయి. ఊళ్లో ఉన్నప్పటికన్నా నిండి ఉన్నాయి. అదీ ఆమెకు బాధగానే ఉంది, ఎందుకో తెలియలేదు.

"నీళ్లు కాగవెట్టుకుంటున్నవా?"

వాడి నవ్వు ఆగిపోయింది. "ఆ, కాగవెట్టుకుంటున్న."

అడిగిన మరుక్షణమే వచ్చింది జవాబు. గిన్నె వంచి చూపించి "చాలా" అన్నప్పటి ముఖమే అది. కాగబెట్టుకోవడం లేదని ఆమెకు తెలిసిపోయింది. ఇంకా గట్టిగా అడిగితే ఒట్టు వేస్తాడు. ఇంకా అడిగితే కాగిన నీళ్ల సీసా ఒకటి ఎక్కడి నుంచో తెచ్చి చూపిస్తాడు. షరీఫ్ అట్లాగే అబద్ధం చెప్పాడు, ఆ పాన్ ముసలామె రోజూ పిడికెడు అన్నం మిగిల్చి అట్లాగే చెప్పింది. ఆమె భయపడినంత కాలం ఆమెకు ఎవరూ నిజం చెప్పరు. రేపు నిజంగా జ్వరమొచ్చినా వీడు తనకు చెప్పడు. ఇంతవరకు పడ్డ భయాలన్నీ ఒక ఎత్తు, ఇది ఒక ఎత్తు.

"రేపటి సంది పంపొద్దా?" అంది.

వాడు పరదా సందులోంచి గల్లా మీది గడియారం చూశాడు. "నీ ఇష్టమమ్మా."

వద్దంటే పోట్లాడేది. పంపమంటే మురిసిపోయేది. వాడు రెండూ అనలేదు. పంపితే, ఆ ముసలామె తింటుంది, గిన్నెలు వస్తాయి, అందరూ ఊరుకుంటారు. పంపకపోతే, ఆమె చేతికి ఏమీ రాదు.

"పో. మెషీన్ ఆగింది" అంది.

ఒంటిగంట బస్సులో కూర్చుంటుంటే అజ్మత్ బీ కిటికీ దగ్గరికొచ్చి వక్కపలుకులు చేతిలో పెట్టింది. "రేపు ఏం పంపుతవమ్మా?" అని అడగలేక అడిగింది. సోమమ్మ ఆమె ముఖం చూడలేకపోయింది. నార్కట్‌పల్లిలో దిగేటప్పుడు షరీఫ్ అడిగాడు. "రేపు ఉంటదా అక్కా?"

"ఉండది."

మెట్టు దిగాక ఆ మాట తనే అందా అనిపించింది.

తెల్లవారి, అలవాటుగా ఎప్పటి వేళకే లేచింది. పొయ్యి మీద చాయ్ పెట్టి దించింది. బియ్యం డబ్బా మూత తీసి, మళ్లీ పెట్టింది. ఏడు దాటాక పెద్దులు దుకాణానికి బయల్దేరుతుంటే గడపలో అడ్డం నిలబడింది.

"బయటి నుంచి గొళ్లెం పెట్టి పో."

"ఏంది?"

"గొళ్లెం పెట్టు. బస్సు పోయినంక తియ్యి."

"పిచ్చి లేసిందానే నీకు? ఇంట్ల మనిషిని పెట్టి…"

"నా కాళ్ల మీద నాకు నమ్మకం లేదు. చెరువు గండి పడ్డట్టు ఉరుకుత. ఉరికి ఇంత అన్నమన్న ముంతల పోసి ఇచ్చేస్త. పెట్టు." పెద్దులు ఆమె ముఖం చూశాడు. ఈసారి ఎగతాళి చెయ్యలేదు. తలుపు దగ్గరికేసి గొళ్లెం పెట్టాడు.

చీకటిగా అయిపోయిన ఇంట్లో సోమమ్మ తలుపుకు ఆనుకుని కూర్చుంది. లారీలు పోతున్నాయి. ఒక్కో బస్సు శబ్దం వింటూ అది కాదు, ఇది కాదు అనుకుంది. తర్వాత అది వచ్చింది. బ్రేకు వేసిన కీచుమన్న శబ్దం గుర్తుపట్టింది. ఆగింది. చాలాసేపు ఆగింది. "పోనీ డ్రైవరూ, ఇంకెవలొస్తరు?" అని ఎవరో లోపలి నుంచి అరవడం వినిపించింది.

ఆమె లేచి తలుపు లాగింది. గొళ్లెం గట్టిగానే పడింది. ఇంకోసారి లాగింది. "ఇగో!" అని మొగుణ్ణి పిలవబోయి కొంగు నోట్లో కుక్కుకుంది.

బస్సు కదిలింది. చిట్యాల రోడ్డు మీద శబ్దం సన్నబడుతూ పోయి లారీల్లో కలిసిపోయింది.

పదింటికి వాడు ఏం తింటాడో, ఆ నీళ్లు ఎక్కడివో, సాయంత్రానికి ఒళ్లు వెచ్చబడితే ఎవరికి చెబుతాడో ఒకటొకటే కళ్లముందుకు వస్తుంటే ఆమె గోడకు తల ఆనించి కూర్చుంది. దుకాణం దగ్గర సైకిళ్ల కోసం మనుషులొచ్చినట్టున్నారు, పెద్దులు గొంతు వినిపిస్తోంది. గొళ్లెం తీయడం మరిచిపోయాడు. సోమమ్మ పిలవలేదు.